తెల్లదొర కట్టించాడు సరే, సొమ్మెవరిది?

నాలుగు వానలు పడి ఎక్కడో ఓ కల్వర్టు కొట్టుకుపోతే చాలు, 'బ్రిటిష్ వాడు కట్టిందే గట్టిది' అనే పాట మొదలవుతుంది. ఈ వారం కూడా విన్నాను, బాగా చదువుకున్నవాళ్ల నోటే. ఒళ్లు మండింది.

అందరూ వేలెత్తి చూపేది రాజమండ్రి హావెలాక్ వంతెననే. 1900లో తెరిచారు, 1997 దాకా రైళ్లు నడిచాయి. ఇంజనీరు వాల్టన్ పనితనం గొప్పదే, కాదనను. కానీ ఖర్చు సర్కారుది. సర్కారు సొమ్మంటే శిస్తు కట్టిన రైతుది, ఉప్పు పన్ను కట్టిన కూలివాడిది. పేరేమో గవర్నరుగారిది! గోదాట్లో దిగి పునాదులు వేసినవాళ్ల పేర్లు ఏ పలక మీదా లేవు.

నిలిచినవాటిని చూసి మురిసిపోతున్నాం. అసలు కట్టనివాటి సంగతేమిటి? 1833 డొక్కల కరువులో గుంటూరు సీమలో లక్షమందికి పైగా చచ్చిపోయారు. గింజలు తరలించడానికి సరైన బాటలూ లేవు, కాలువలూ లేవు. 1834 నుంచి 1848 దాకా ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడి మొత్తం మీద ప్రజాపనులకు పెట్టిన ఖర్చు కంటే మాంచెస్టర్ ఊరు ఒక్క మంచినీళ్లకు పెట్టిందే ఎక్కువని బ్రిటిష్ ఎంపీ జాన్ బ్రైట్ 1858లో వాళ్ల పార్లమెంటులోనే నిలదీశాడు. పబ్లిక్ వర్క్స్ శాఖ పుట్టిందే 1854లో, గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో. మద్రాసు రాజధానిలో 1871లో ఊళ్ల రోడ్ల కోసమంటూ భూమి మీద సెస్సు వేశారు. 1884 చట్టంతో ఆ రోడ్లు జిల్లా బోర్డుల నెత్తిన పడ్డాయి.

ఆ పబ్లిక్ వర్క్స్ శాఖ నుంచి మనకు మిగిలినవాటిలో నేను మెచ్చేది ఒక్కటే, ఎం-బుక్, అంటే పని కొలతలు రాసే పుస్తకం. పేజీలకు వరస నంబర్లుంటాయి. పొడవు, వెడల్పు, మందం పని దగ్గరే కొలిచి సిరాతో రాయాలి. చెరపకూడదు. తప్పు పడితే కొట్టేసి, పక్కన సరిదిద్ది సంతకం పెట్టాలి. కింది ఉద్యోగి కొలతను పై అధికారి మళ్లీ కొలిచి చూడాలి. కొలతలు అందులోకి ఎక్కితేనే బిల్లు. ఇప్పుడా పుస్తకం ఎక్కడుంది? కాంట్రాక్టరు ఇంట్లో కూర్చుని రాస్తున్నారని ప్రతి మండలంలోనూ చెప్పుకుంటారు. నాలుగంగుళాలు వేయాల్సినచోట రెండంగుళాలు వేసిన రోడ్డుకు ఏ దొర పాలనా మందు కాదు.

మన చేత సెస్సు కట్టించుకోవడం మాత్రం ఆగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి పెట్రోలు లీటరుకు రూపాయి రోడ్ సెస్సు అదనం. ఆ రూపాయి ఏ రోడ్డు మీద పడిందో అడిగితే చెప్పే నాథుడు లేడు. సమాచార హక్కు చట్టం 2005లోనే వచ్చింది. అధికారులు అడగకుండానే వివరాలు బయటపెట్టాలని దాని నాలుగో సెక్షన్ చెబుతోంది. తెల్లవాడి వంతెన ముందు సెల్ఫీ దిగే మిత్రులారా, మీ ఊరి రోడ్డు ఎం-బుక్ నకలు కోసం ఓ దరఖాస్తు పెట్టండి. దరఖాస్తు రుసుము పది రూపాయలకు మించదు.