జలీల్‌కూ జలీల్‌కూ మధ్య ఒక నుక్తా

అల్లాహ్ 99 పేర్లలో అల్-జలీల్ ఒకటి. ఘనత గలవాడు, వైభవం గలవాడు అని మతలబ్. మన ఇళ్లలో పిల్లలకు అబ్దుల్ జలీల్ అని పేరు పెట్టుకునేది అందుకే. ఉర్దూలో ఆ మాటలో జీమ్ తీసేసి జాల్ పెట్టి చూడండి. నీచుడు, పరువు పోయినవాడు అనే మాట తయారవుతుంది. ఉర్దూలో ఈ రెండు మాటలూ కంటికి వేరు, చెవికీ వేరు. తెలుగులో రాస్తే రెండూ జలీలే. ఆ మాటకొస్తే జాల్ అనే హర్ఫ్ పేరును కూడా తెలుగులో సరిగ్గా రాయడానికి దారి లేదు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. అరబీలో ఖల్బ్ అంటే దిల్. ఖాఫ్‌కు బదులు కాఫ్ పలికితే కుక్క అని అర్థం. మక్తబ్‌లో ఉస్తాద్ ఈ ఫరఖ్ ముందే నేర్పుతారు. పైగా మన దక్కనీ నాలుకకు ఖాఫ్ రాదు, అది ఖె అయిపోతుంది. కాబట్టి మనకు వార్త అన్నా ఖబరే, సమాధి అన్నా ఖబరే. రోజూ ఖబర్ రాసి బతికే నాబోటి వాళ్లకు ఇది నవ్వుకునే సంగతే. కానీ పిల్లవాడు తెలుగులో రాసుకున్న దువా చదువుకుంటున్నప్పుడు నవ్వు రాదు.

ఎందుకంటే మన పిల్లలు ఇప్పుడు తెలుగు అక్షరాల్లోనే చదువుతున్నారు. మా కొత్తకోటలోనే కాదు, వనపర్తిలో, మహబూబ్‌నగర్‌లో, నల్గొండలో ఏ మొహల్లాకు వెళ్లినా అంతే. ఇంట్లో మాట ఉర్దూ, బడి ఇంగ్లీష్ మీడియం, చదవడం వచ్చిన దేశీ లిపి తెలుగు. నాత్‌లు తెలుగులో రాసుకుంటారు. షాదీ రుఖా తెలుగులో అచ్చవుతుంది. వాట్సాప్‌లో దువాలు తెలుగులో వస్తాయి. వాటిని ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. ఒకరు ‘నమాజ్’ అంటారు, ఇంకొకరు ‘నమాౙ్’ అని కొమ్ము తగిలిస్తారు. ఒకరి ‘ఖురాన్’ ఇంకొకరికి ‘ఖుర్ఆన్’. ఒకే మస్జిద్ గోడ మీద ఒకే పేరును రెండు రకాలుగా రాసి ఉంటారు.

దీనికి ఇలాజ్ ఉంది. ఉర్దూ హర్ఫ్‌లకు తెలుగు అక్షరాలు ఏవో ఒక పట్టిక వేసుకోవాలి, దాన్ని అందరికీ ముఫ్త్‌గా పంచాలి. వినడానికి చిన్న పని. ఇలాంటి పని తెలుగువాళ్లు 30 ఏళ్ల కింద చేసి చూపించారు. వాళ్లు చేసిన తరీఖా మనకు కావాలి.

1990ల మొదట్లో ఇంటర్నెట్ మన ఊళ్లకు రాలేదు. దేశంలో మామూలు జనానికి విదేశ్ సంచార్ నిగమ్ కనెక్షన్లు ఇచ్చింది 1995 ఆగస్టు 15న. అప్పటికి అమెరికా యూనివర్సిటీల్లో చదువుతున్న తెలుగు పిల్లలకు న్యూస్‌గ్రూపులు ఉండేవి. 1980లో డ్యూక్, నార్త్ కరోలినా యూనివర్సిటీల దగ్గర మొదలైన యూజ్‌నెట్‌లోని చావడులు అవి. ఒక కంప్యూటర్‌లో రాసింది పక్క కంప్యూటర్‌కు, అక్కడి నుంచి ఆ పక్కదానికి చేరేది. తెలుగువాళ్ల చావడి పేరు సాక్-కల్చర్-ఇండియన్-తెలుగు. ముద్దుగా స్కిట్ అనేవాళ్లు. అక్కడ పద్యాలు, కొట్లాటలు, సినిమాలు, వంటలు అన్నీ నడిచేవి. కానీ తెర మీద కనపడేది ఇంగ్లీష్ అక్షరాలే.

హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ వంటివాళ్లు అప్పుడు ఒక పట్టిక వేశారు. చిన్న ఎల్ అయితే ల, పెద్ద ఎల్ అయితే ళ. చిన్న డి అయితే ద, పెద్ద డి అయితే డ. ఒక్కో తెలుగు అక్షరానికి ఒక్కో ఖాయమైన రాత. దాని పేరు ఆర్‌టీఎస్. అలా రాసిన ఇంగ్లీష్ అక్షరాలను తిరిగి తెలుగు చేసే రిట్ అనే ప్రోగ్రామ్ కూడా తయారు చేశారు. ఆ పట్టిక స్కిట్ జనం నోట్లో, వేళ్లలో పాతుకుపోయింది. ఆ తర్వాత కంప్యూటర్లు మారాయి, ఫాంట్లు మారాయి, యూనికోడ్ వచ్చింది. ఆర్‌టీఎస్ మాత్రం పోలేదు. లేఖినిలో ఇంగ్లీష్ కీల మీద తెలుగు కొట్టేవాళ్లు వాడేది ఆ పద్ధతే.

ఆ కాలంలో పంచుకోవడం అంటే ఏమిటో కూడా చెప్పాలి. ఇప్పుడు బీటెక్ పిల్లలంతా నేర్చుకుంటున్న పైథాన్ సంగతే తీసుకోండి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక పరిశోధన సంస్థలో పనిచేసే గైడో వాన్ రోసమ్ 1989 క్రిస్మస్ సెలవుల్లో దాన్ని మొదలుపెట్టాడు. అది ఇంటర్‌ప్రెటర్, అంటే మనిషి రాసిన లైనును మిషన్‌కు అప్పటికప్పుడు వివరించే తర్జుమాన్. 1991 ఫిబ్రవరిలో దాన్ని ఆల్ట్-సోర్సెస్ అనే న్యూస్‌గ్రూపులో పెట్టాడు. మొత్తం ఒకేసారి పోదు కాబట్టి 21 ముక్కలు చేసి పంపాడు. తీసుకున్నవాళ్లు ఆ ముక్కలను వరుసగా పేర్చుకుని, కలిపి, తమ కంప్యూటర్‌లో కట్టుకోవాలి. ముఖ్యమైన షరతు ఒక్కటే. కాపీ చేసుకోండి, మార్చుకోండి, ఎవరికైనా ఇవ్వండి, కానీ హక్కుదారు పేరు, ఈ షరతు రాసిన కాగితం మాత్రం చెరపకండి.

ఇంకో రకం కూడా ఉండేది, షేర్‌వేర్. 1982లో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ అనే ఆయన తన పీసీ-టాక్ ప్రోగ్రామ్‌ను పంచుతూ, పనికొస్తే 25 డాలర్లు పంపండి అని అడిగాడు. మరుసటి ఏడు బాబ్ వాలెస్ పీసీ-రైట్‌తో అదే దారి పట్టాడు. మీరు ఇచ్చిన కాపీ నచ్చి ఇంకొకరు డబ్బు కడితే అందులో మీకూ వాటా అన్నాడు. తాళం లేదు, చౌకీదార్ లేడు. వాడి చూడు, నచ్చితే ఇవ్వు, మిగతాది నీ ఈమాన్. మనవాళ్ల మాటలో చెప్పాలంటే పూర్తిగా అమానత్ మీద నడిచిన కారోబార్.

నాకు వీటన్నిటికన్నా దిల్‌కు దగ్గరగా అనిపించేది ఒక చిన్న సంగతి. న్యూస్‌గ్రూపులోని ప్రతి సందేశం నెత్తిన ‘పాత్’ అని ఒక లైను ఉండేది. ఆ సందేశం ఏ కంప్యూటర్ నుంచి బయల్దేరి, ఏ ఏ కంప్యూటర్ల చేతులు మారి మీ దాకా వచ్చిందో వరుసగా పేర్లు. చూడగానే ఇస్నాద్ గుర్తొస్తుంది. హదీస్‌ను ఫలానావారు ఫలానావారి దగ్గర విన్నారని పేర్లు చెప్పకుండా మన ముహద్దిసీన్ తీసుకోలేదు. ఎవరు చెప్పారో తెలియని మాటకు వజన్ లేదు.

ఇప్పుడు మన ఫోన్లు చూడండి. దువా వస్తుంది, ఎవరు రాశారో లేదు. హదీస్ అని వస్తుంది, కితాబు పేరు లేదు. తప్పు కనపడితే ఎవరికి చెప్పాలో తెలియదు. మనం దిద్దినా పాత తప్పు ఇంకో గ్రూపులో తిరుగుతూనే ఉంటుంది. రోజుకు వంద ఫార్వర్డ్ చేసి సవాబ్ వచ్చిందనుకుంటాం. న్యూస్‌గ్రూపు జనం పంచిన వస్తువు మీద పేరు, తేదీ, నంబరు ఉండేవి. పైథాన్ తొలి రూపం నంబరు 0.9.0. ఇది ఇంకా పూర్తి కాలేదు, దిద్దండి అని ఆ నంబరే చెప్తుంది. తప్పు చూపిస్తే తర్వాతి నంబరులో పోయేది. పైథాన్ ఇంతదూరం వచ్చింది అలాగే.

మనకు కావలసిన పట్టిక కూడా అలాగే రావాలి. సామాన్లు ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయి. తెలుగు 1991లోనే యూనికోడ్ మొదటి ప్రతిలో చేరింది. 2008లో ‘ౙ’ అక్షరం చేరింది. 2021లో వచ్చిన యూనికోడ్ 14.0లో తెలుగు నుక్తా కూడా చేరింది. అంటే హిందీవాళ్లు పెట్టుకున్నట్టే క కింద, జ కింద చుక్క పెట్టుకునే ఇజాజత్ మనకు దొరికింది. ఆ చుక్క లేని పాత ఫాంట్లలో అది సరిగ్గా కనపడదు, నిజమే. కానీ తలుపు తెరిచి ఉంది. లోపలికి పోవలసింది మనం.

ఇక తేల్చుకోవలసినవి కొన్ని మసలాలు ఉన్నాయి. ఉర్దూలో జె, జాల్, జాద్, జోయ్ నాలుగూ ఒకే పలుకు. నాలుగింటికి నాలుగు గుర్తులు కావాలా, ఒకటి చాలా? నా రాయ్ ఒకటి చాలని. చదివే పిల్లవాడికి తలఫ్ఫుజ్ కావాలి, హిజ్జే కాదు. హిజ్జే నేర్వాలంటే ఉర్దూ లిపే నేర్వాలి. అదే లెక్కన సె, సీన్, సాద్ మూడింటికీ స సరిపోతుంది. మరి ఖాఫ్? మన దక్కనీ నాలుక దాన్ని ఖ అంటుంది కాబట్టి ఖ రాసేద్దామా? బజారు మాటకు పర్వాలేదు. అల్లాహ్ పేర్లకు, ఇస్తిలాహ్‌లకు మాత్రం క కింద నుక్తా పెట్టడమే మంచిదని నాకు తోస్తుంది. ఐన్‌ను ఏం చేయాలి? ఇది ఉలమా కూర్చుని చెప్పాలి. నేను చెప్పినవే ఖాయం చేయమనడం లేదు. ఏదో ఒకటి ఖాయం చేసుకుందాం అంటున్నాను.

దీనికి ఏతరాజ్ కూడా ఉంది, గట్టిదే. తెలుగులో రాసిస్తే ఉర్దూ చదవడం ఎవరు నేర్చుకుంటారు, మిగిలిన ఉర్దూ కూడా పోతుంది కదా అని బుజుర్గులు అంటారు. ఉర్దూ మీడియంలో చదువుకున్నవాడిగా ఆ బాధ నాకూ ఉంది. కానీ పిల్లలు ఉర్దూ లిపి వదిలింది తెలుగు రాతను చూసి కాదు. బడి మారింది, నౌకరీల భాష మారింది. లిపి వదిలినవాడికి మాట అయినా మిగలాలి కదా. తలఫ్ఫుజ్ చెడిపోయిన మాట ఎంతో కాలం నిలవదు. ఖుర్ఆన్ సంగతి వేరు. తిలావత్ ఉస్తాద్ ముందు కూర్చుని, అరబీ హర్ఫ్‌ల మీద వేలు పెట్టి నేర్చుకోవలసిందే. ఏ పట్టికా ఉస్తాద్‌కు బదులు కాదు.

ఫోన్‌లో మాట్లాడితే అదే రాసేస్తుంది, పట్టిక ఎందుకు అని మన నౌజవాన్లు అడుగుతారు. ఆ మిషన్ నేర్చుకునేది మనం రాసినవి చూసే. మనం పదిమందిమి పది రకాలుగా రాస్తే అది పదకొండో రకం రాస్తుంది.

ముఫ్త్‌గా ఇస్తే ఎవరు కష్టపడతారు అనేది ఇంకో సవాల్. మన తాతలు బావులు తవ్వించారు, సరాయిలు కట్టించారు, భూములు వక్ఫ్ చేశారు. ఫాయిదా ఇచ్చే ఇల్మ్ సదఖా-ఎ-జారియా అని మక్తబ్ పిల్లవాడికి కూడా తెలుసు. పట్టికను అచ్చం వక్ఫ్ జాయిదాద్‌లాగే చూడాలి. అందరూ వాడుకోవచ్చు, ఎవరూ సొంతం చేసుకోకూడదు. ఒక షాపువాడి ఫాంట్‌లోనో, ఒక యాప్ లోపలనో బందీ అయితే ఆ షాపు మూసిన రోజు మన రాత కూడా మూతపడుతుంది.

పని పెద్దది కాదు. ఒక ఉస్తాద్, ఉర్దూ తెలుగు రెండూ వచ్చిన ఒక డీటీపీ మనిషి, కంప్యూటర్ చదివే ఒక అమ్మాయి. ముగ్గురు చాలు. ఉర్దూ హర్ఫ్‌లు నలభై లోపే. వాటికి ఎదురుగా తెలుగు అక్షరాలు రాస్తే ఒక్క కాగితం. ఆ అమ్మాయి పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ రాస్తే పూర్తి జేర్-జబర్ వేసిన ఉర్దూ నాత్ తెలుగులో వచ్చేస్తుంది. జేర్-జబర్ లేని రాతను మాత్రం మనిషే చూసుకోవాలి, ఎందుకంటే ఉర్దూ చిన్న అచ్చులను రాయదు. ఆ కాగితం మీద రాసినవాళ్ల పేర్లు, తేదీ, నంబరు వేయండి. 0.1 అని వేసినా ఫరవాలేదు. తప్పు కనపడితే ఎవరికి చెప్పాలో కూడా రాయండి. మస్జిద్ నోటీస్ బోర్డుకు ఒకటి, మక్తబ్‌కు ఒకటి, షాదీ రుఖాలు అచ్చువేసే ప్రెస్‌కు ఒకటి ఇవ్వండి. ఫార్వర్డ్ చేసేవాళ్లు పేరూ నంబరూ చెరపకుండా చేయాలని అడగండి.

వచ్చే రంజాన్‌కు సహరీ-ఇఫ్తార్ టైమ్‌టేబుల్ ప్రతి ఇంటికీ వెళ్తుంది కదా. దాని వెనక భాగం ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. ఆ పట్టిక అక్కడ పడుతుంది.