టీవీని కాదు, ఇయర్‌ఫోన్‌ను తిట్టండి

పోయిన ఆదివారం మీటింగులో ఒకాయన "అప్పుడు టీవీ చెడగొట్టింది, ఇప్పుడు సెల్‌ఫోన్ చెడగొడుతోంది, రెండూ ఒకటే" అన్నారు. అందరూ తల ఊపారు. నేను ఊపలేదు. రెండూ ఒకటి కాదండీ.

నేను చదివింది తమిళ మీడియం. రైల్వే ఆఫీసులో ముప్పై ఏళ్ళకు పైగా రాసింది ఇంగ్లీషు. అమ్మ మాట్లాడిన తెలుగు తప్ప నాకు వేరే తెలుగు లేదు (తప్పులుంటే మన్నించండి). 1975లో మద్రాసు దూరదర్శన్ వచ్చాక ఎదురింటి వాకిట్లో నిలబడి చూసింది శుక్రవారం 'ఒలియుం ఒలియుం'. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాకే మా హాలులోకి రోజూ తెలుగు వచ్చింది. తెర మీద సినిమా పేర్లు పడుతుంటే కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. తమిళంలో ఒకే 'ప'. ప, ఫ, బ, భ నాలుగూ వేరని నా చెవికి పట్టించింది 'పాడుతా తీయగా'లో బాలుగారు.

రిమోట్ కోసం కొట్లాట ఉండేది. నాకు వార్తలు, మా ఆవిడకు సీరియల్, పిల్లలకు సన్ టీవీలో పాటలు. కానీ ఓడినవాళ్ళు కూడా అక్కడే కూర్చునేవాళ్ళు. వద్దన్నా తెలుగు చెవిలో పడేది.

ఇప్పుడూ అదే హాలు. టీవీ మోగుతూనే ఉంటుంది, ఎవరూ చూడరు. మనవడి చెవుల్లో ఇయర్‌ఫోన్. వాడు ఏది తాకితే ఆ ఫోన్ అలాంటిదే ఇంకోటి ఇస్తుంది. తెలుగు వాడు ఒక్కసారీ తాకలేదు, ఇక అదెందుకు ఇస్తుంది? 2006 తమిళ నిర్బంధ చట్టం మీద మనవాళ్ళు కోర్టుకు వెళ్ళారు, సంతోషం. మన హాలులో తెలుగు పోతుంటే ఎవరి మీద వేస్తాం కేసు?

"ఫోన్లోనూ తెలుగు బోలెడు ఉందిగా" అంటారు. ఉంది, వెతుక్కునేవాడికి. "తాతా, ఆ మాటకు అర్థమేంటి?" అని అడగాలంటే ఆ తెరను తాత కూడా చూస్తుండాలి కదా!

నా తప్పూ ఉంది. ఇది రాస్తున్నదీ ఫోన్లోనే, మా ఆవిడ రెండుసార్లు పిలిచింది.

ఉగాదికి పిల్లలచేత ఒక పద్యం చెప్పించి ఫోటో గ్రూపులో పెడితే చాలదు. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఫోన్లన్నీ ఫ్రిజ్ మీద, ముందు పెద్దవాళ్ళవి. హాలులో ఒకే టీవీ, తెలుగులో. కమిటీవాళ్ళ ఇళ్ళల్లో మొదలైందా అని వచ్చే మీటింగులో పేరు పేరునా అడుగుతాను.

మా ఇంట్లో నిన్న మొదలైంది. మనవడు కాసేపు మూతి ముడుచుకున్నాడు. తర్వాత ఆ సినిమాలో ఆయన ఎందుకు ఏడుస్తున్నాడని తమిళంలో అడిగాడు. నేను తెలుగులో చెప్పాను.