జింకకు పట్టా లేదు, మరి దాని నేల ఎవరిది?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి. ఝరాసంగం, న్యాల్కల్ మండలాల తండాల నుంచి వచ్చి చదువుకుంటున్నవాళ్లు మాత్రం తప్పకుండా చివరిదాకా చదవాలి.

మన రెండు మండలాల్లో 17 ఊళ్ల పరిధిలో 12,635 ఎకరాల్లో నిమ్జ్ వస్తున్న సంగతి అందరికీ తెలుసు. 2016లో కేంద్రం తుది ఆమోదం ఇచ్చింది. 2024 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్ ఒప్పుకున్న 12 పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ కూడా ఉంది. మొదటి దశ 3,245 ఎకరాలు. ఇన్నేళ్లు మనం పరిహారం గురించి, అసైన్డ్ భూముల గురించి, ఇంటికో ఉద్యోగం గురించి మాట్లాడుకున్నం. అవి మాట్లాడాల్సిందే. కానీ అదే నేల మీద బతుకుతూ, ఏ మీటింగులోనూ మాట్లాడలేని జీవి ఇంకొకటి ఉంది. అదే కృష్ణజింక.

చాలామంది జింక అంటే అడవి జంతువు అనుకుంటరు. కృష్ణజింక అట్ల కాదు. దట్టమైన అడవి దానికి పడదు. దూరం నుంచే శత్రువును చూసి, గంటకు 80 కిలోమీటర్ల దాకా వేగంతో పరుగెత్తి ప్రాణం కాపాడుకునే జంతువు అది. దానికి కావాల్సింది కంటికి అడ్డం లేని మైదానం, గడ్డి, బీడు. అంటే మన ఎర్రనేలలు, గైరాన్ భూములు, కోత అయిపోయిన జొన్న చేన్లు. మన మేకలు, గొర్లు మేసే చోటే అదీ మేస్తది.

కాగితాల మీద ఆ నేల పేరు ఏంది? బంజరు. పనికిరాని భూమి. ఇక్కడే అసలు మోసం ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఒక్కదాన్ని చంపితే మూడేళ్లకు తక్కువ కాకుండా జైలు. కానీ అభయారణ్యం బయట అది మేసే వెయ్యి ఎకరాలకు ప్రహరీ కడితే, జింక పేరు చెప్పి ఎవరికీ శిక్ష పడదు. చట్టం జింక ఒంటిని కాపాడుతున్నది, దాని కాళ్ల కింద నేలను కాదు.

ఇది మనకు కొత్త కథ కాదు. జీవో 123 కింద నిమ్జ్ కోసం భూములు తీసుకుంటున్నప్పుడు, సెంటు భూమి లేని వ్యవసాయ కూలీలు హైకోర్టుకు పోయిండ్రు. 2016 ఆగస్టులో సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేసిండు. పట్టా మా పేరు మీద లేకున్నా మా బతుకు ఈ నేల మీదనే ఉంది అన్నదే ఆ కూలీల గోడు. ఆ మాట మనుషులకు ఎంత నిజమో, జింకకూ అంతే నిజం.

"జింకలు మా సెనగ చేను మేసిపోతయ్, వాటి మీద జాలి ఎందుకు?" అని మన ఇండ్లల్లోనే అడుగుతరు. న్యాయమైన ప్రశ్నే. నారాయణపేట వైపు కృష్ణా తీరం రైతులు కూడా ఇదే బాధ పడుతున్నరు. కానీ ఒకటి ఆలోచించండి. బీడంతా గోడల లోపలికి పోతే మంద ఎటు పోతది? మిగిలిన చేన్లల్లకే వస్తది. అవి ఎవరి చేన్లు? భూమి పోంగ రెండెకరాలు మిగిలిన మన తండా రైతువి. ఫ్యాక్టరీ జింక మేత తీసుకుంటే, జింక మన మేత తీసుకుంటది. కాబట్టి దాని నేల కాపాడుడు అంటే మన చేను కాపాడుడు కూడా.

"మరి ఉద్యోగాలు వద్దా?" వద్దని నేను అంటలేను. పన్నెండు వేల ఎకరాల ప్లాన్‌లో, ఒకదానికొకటి కలిసి ఉండే గడ్డి నేలను, జింకలు దాటే దారిని వదిలిపెట్టుమనడం పరిశ్రమను ఆపుడు కాదు. గోడలు కట్టక ముందు అడిగితే అయ్యే పని అది. కట్టినంక కాదు.

అడిగితే ఏమైతదో చెప్పడానికి దూరం నుంచి ఒక ఉదాహరణ. కెనడాలో కారిబూ అనే జింక జాతి జంతువు ఉంది. బొగ్గు గనులు, చెట్ల నరికివేత, రోడ్లు దాని అడవిని ముక్కలు చేసినయ్. ఆ రోడ్ల వెంట తోడేళ్లు సులువుగా వచ్చి వేటాడినయ్. బ్రిటిష్ కొలంబియాలో క్లిన్సే-జా అనే మంద 2013 నాటికి 38కి పడిపోయింది. అక్కడి ఆదివాసులు వెస్ట్ మోబర్లీ, సోటో జాతులవాళ్లు ముందుకొచ్చిండ్రు. చూడి కారిబూలను కంచె లోపల పెట్టి కాపలా కాసిండ్రు, చేతులతో ఏరిన మేత పెట్టిండ్రు, చుట్టూ తోడేళ్లను తగ్గించిండ్రు. నేల కోసం ప్రభుత్వాలతో కొట్లాడి 2020లో ఒప్పందం చేయించుకున్నరు. 2022కు ఆ మంద వంద దాటింది. చేసింది మనలాంటివాళ్లే.

మన దగ్గర 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగినప్పుడు యూనివర్సిటీ విద్యార్థులు అడ్డం నిలబడ్డరు, దేశమంతా చూసింది, సుప్రీంకోర్టు ఆపింది. ఝరాసంగంలో యూనివర్సిటీ లేదు. మనమున్నం.

చేయాల్సిన పనులు ఇవీ:

ఒకటి. 2018లో మన తండాలు గ్రామ పంచాయతీలైనయ్. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి జీవవైవిధ్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆ రిజిస్టర్ చూపించుమని అడగండి. జింక మేసే చోటు, నీళ్లు తాగే కుంట, దాటే దారి అందులో రాయించండి.

రెండు. మందలను లెక్కపెట్టండి. తేదీ, చోటు, మగవెన్ని, ఆడవెన్ని, పిల్లలెన్ని. ఫోటో తీయండి, దగ్గరికి పోయి బెదరగొట్టకండి. మేకలు కాసే పెద్దమనుషులకు మనకంటే ఎక్కువ తెలుసు, వాళ్లను అడగండి.

మూడు. పెద్ద ప్రాజెక్టులు పర్యావరణ అనుమతి షరతులు ఎట్ల పాటిస్తున్నయో ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. అందులో వన్యప్రాణుల గురించి ఏం రాసిండ్రో చదవండి. మన లెక్కతో పోల్చండి. తేడా ఉంటే కలెక్టర్‌కు, అటవీ శాఖకు రాతపూర్వకంగా ఇవ్వండి.

కాగితంలో లేనిది లేనట్టే అనే కాలం ఇది. మన తాతలు ఆ కాగితం లేకనే భూములు పోగొట్టుకున్నరు. జింక రాయలేదు. రాయడం నేర్చుకున్నది మనం. దాని తరఫున ఆ ఒక్క కాగితమైనా రాద్దాం.