క్రిస్మస్ చెట్టుకు ఏ చెట్టు తేవాలి? – నా అభిప్రాయం



డిసెంబరు వచ్చింది. హాస్టలు గదుల్లో అందరూ ఇంటికెళ్లే రోజు కోసం లెక్కలు వేసుకుంటున్నారు. మన బడిలో ప్రభువును నమ్ముకున్న వాళ్ల పిల్లలున్నారు, ఊరి దేవతలకు మొక్కే వాళ్ల పిల్లలూ ఉన్నారు. కానీ క్రిస్మస్ చెట్టు అంటే మాత్రం అందరికీ సరదాయే. నక్షత్రం కట్టేటప్పుడు మతం అడిగి ఎవరూ పక్కకు జరగరు.

ఆ చెట్టు గురించే ఈసారి రాస్తున్నాను. చెట్టు పెట్టుకోండి, బాగా అలంకరించండి. కానీ దాని కోసం ఎదిగే మొక్కను మొదలంటా నరకవద్దు. ఇదే నా అభిప్రాయం. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందుగా ఈ చెట్టు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. యేసు పుట్టిన కథలో క్రిస్మస్ చెట్టు లేదు. లూకా సువార్తలో పశువుల తొట్టె ఉంది, గొర్రెల కాపరులు ఉన్నారు. మత్తయి సువార్తలో నక్షత్రం ఉంది. చెట్టు పెట్టే ఆచారం చాలా కాలం తర్వాత జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లో మొదలయింది. ఇప్పుడు ఫ్రాన్సులో ఉన్న స్ట్రాస్‌బర్గ్ ఊరి సంగతి 1605లో ఒక ప్రయాణికుడు రాసిపెట్టాడు. అక్కడి వాళ్లు ఫర్ చెట్లను ఇంట్లో నిలబెట్టి రంగు కాగితాల గులాబీలు, ఆపిల్ పళ్లు, మిఠాయిలు వేలాడదీసేవారట. తర్వాత ఇంగ్లండు రాణి విక్టోరియా కుటుంబం చెట్టు చుట్టూ నిలబడి ఉన్న బొమ్మ 1848లో లండన్ పత్రికలో వచ్చింది. రాణి భర్త ఆల్బర్ట్ జర్మనీ వాడు. రాణి ఇంట్లో పెట్టాక మిగతా వాళ్లు ఊరుకుంటారా? అందరూ పెట్టడం మొదలుపెట్టారు.

వాళ్లు ఆ చెట్టునే తెచ్చుకోవడానికి కారణం ఉంది. చలికాలంలో వాళ్ల దేశంలో మంచు కురుస్తుంది. చాలా చెట్లు ఆకులు రాల్చి మోడులైపోతాయి. ఫర్, స్ప్రూస్ లాంటి సూది ఆకుల చెట్లు మాత్రం పచ్చగా నిలబడతాయి. కళ్లకు పచ్చదనం కరువైన రోజుల్లో ఆ చెట్టును ఇంట్లోకి తెచ్చుకుంటే వాళ్లకు ఎంత సంతోషమో ఊహించవచ్చు. అంతేకాక ఇప్పుడు వాళ్లు ఆ చెట్లను పంటలాగ తోటల్లో పెంచుతారు. ఆరేడు అడుగులు ఎదగడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. కొట్టిన చోట మళ్లీ నాటుతారు. మనం వరి కోసి మళ్లీ నారు పోసినట్టే.

మన కొండల మీద సంగతి వేరు. డిసెంబరులో కూడా పనస, మామిడి, చింత, జీలుగు అన్నీ పచ్చగానే ఉంటాయి. మనకు పచ్చదనం కరువు లేదు. ఇంకొక నవ్వొచ్చే సంగతి చెబుతాను. లంబసింగి వైపు కొన్ని రోజులు తెల్లవారేసరికి గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. మనమేమో వణుక్కుంటూ ఇంట్లో కూర్చుని చెట్టు మీద దూది అంటించి "ఇది మంచు" అంటాం!

ఇక అసలు విషయానికి వస్తాను. మన ఏజెన్సీలో క్రిస్మస్ చెట్టు అంటే ఎక్కువ మంది సిల్వర్ ఓక్ కొడతారు. ఆకు చీలికలు చీలికలుగా, కింద వెండి రంగుతో అందంగా ఉంటుంది. రోడ్డు దగ్గరి ఊళ్ల వాళ్లు మైదానం నుంచి సరుగుడు తెప్పించుకుంటారు. సిల్వర్ ఓక్ మన అడవి చెట్టు కాదు, ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. అయినా ఇప్పుడు అది మన బతుకులో కలిసిపోయింది. కాఫీ మొక్కకు నీడ ఇచ్చేది అదే. దాని గరుకు బెరడు పట్టుకునే మిరియాల పాదు పైకి పాకుతుంది. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనం గొప్పగా చెప్పుకుంటాం కదా. ఆ కాఫీ ఎండకు మాడిపోకుండా కాసేది ఇలాంటి నీడ చెట్లే.

నిరుడు మా ఇంట్లో ఈ చెట్టు మీదే పెద్ద మాట పట్టింపు వచ్చింది. మా అన్న విశాఖపట్నంలో పనిచేస్తాడు. అక్కడ దుకాణాల ముందు పెట్టిన పెద్ద పెద్ద చెట్లు చూసి వచ్చాడు. "ఈసారి మనింట్లో కూడా నిండుగా ఉండే చెట్టు పెట్టాలి" అని కత్తి పట్టుకుని కాఫీ తోటలోకి వెళ్లాడు. అన్నిటికన్నా తిన్నగా, గుండ్రంగా ఉన్న మొక్కను ఏరుకున్నాడు. మా నాన్న పరుగున వెళ్లి ఆపాడు.

"ఏటిరా, ఆ మొక్క కొట్టేస్తే మిరియాల పాదు ఎక్కడ పాకిస్తావు? నీ వీపు మీదా?" అన్నాడు.

"ఇన్ని మొక్కలున్నాయి గదా నాన్నా, ఒక్కటి పోతే ఏటవుతాది?" అని అన్న.

అమ్మ అన్న వైపే మాట్లాడింది. ఆ ఏడు అత్తవాళ్లు పండక్కి వస్తున్నారు, చెట్టు బాగుండాలని అమ్మ ఆశ. చివరికి నాన్న నన్ను పిలిచి, "చదువుతున్నదానివి, నువ్వు లెక్కేసి చెప్పమ్మా" అన్నాడు. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే. అందుకే ఏ లెక్క వచ్చినా నా దగ్గరికే వస్తుంది.

నేను చెప్పిన లెక్క ఇది. ఆ మొక్క నాటి మూడేళ్లయింది. దాని మొదట్లో మిరియాల తీగ నాటితే కాపు రావడానికి ఇంకొక మూడేళ్లు కావాలి. ఇప్పుడు నరికి మళ్లీ కొత్త మొక్క నాటితే కాపు కోసం మొత్తం ఆరేళ్లు ఆగాలి. ఆరేళ్లంటే నేను ఇప్పుడు తొమ్మిది, అప్పటికి కాలేజీ కూడా అయిపోతుంది. చెట్టు ఇంట్లో ఉండేదేమో డిసెంబరు 24 నుంచి జనవరి 1 దాకా. తొమ్మిది రోజుల కోసం మూడేళ్లు పోగొట్టుకోవాలా? ఇంకొక మాట కూడా గమనించాలి. పండక్కి కొట్టేది ముసలి చెట్టును కాదు, వంకర చెట్టును కాదు. ఎప్పుడూ బాగా ఎదుగుతున్న లేత మొక్కనే కొడతాం, ఎందుకనగా అదే అందంగా ఉంటుంది కనుక. అంటే తోటలో మంచి మొక్కలన్నీ ఏడాదికొకటి చొప్పున పోతాయి.

"మొదలు నరకం, పై తల మాత్రమే కొడతాం" అని కొందరంటారు. వాళ్లు మన వంటశాల వెనకాల ఉన్న చెట్టును ఒకసారి వెళ్లి చూడండి. ఒక పండక్కి ఎవరో దాని తల కొట్టారు. ఇప్పుడు అది తిన్నగా ఎదగడం మానేసి రెండు పాయలై పక్కలకు పోతోంది.

మరి బజారులో దొరికే ప్లాస్టిక్ చెట్టు కొనొచ్చు కదా అని అడగవచ్చు. ఒక్కసారి కొని పదేళ్లు దాచుకునేవాళ్లకు అది మంచిదే కావచ్చు. కానీ మన ఇళ్లలో దాన్ని ఎక్కడ దాస్తాం? అటక మీద పెడితే ఎలుకలు కొరుకుతాయి. విరిగితే కాల్చకూడదు, పాతిపెడితే కుళ్లదు. పైగా సంతలో చిన్న చెట్టు కొనాలన్నా అమ్మ కూలి డబ్బుల్లోంచే తియ్యాలి. ఆ డబ్బుతో తమ్ముడికి స్వెట్టరు వస్తుంది. కావున మన ఇళ్లకు అదీ సరిపడదు.

మరి ఏం చేయాలి? మా ఇంట్లో చేసింది చెబుతాను, మీరూ చేసి చూడండి.

తోటలో మిరియాల పాదుకు అడ్డొచ్చే కింది కొమ్మలను పెద్దవాళ్లు ఎలాగూ కొడతారు. అవి తీసుకోవాలి. ఎన్ని కావాలో నాన్నను అడగాలి, ఏది కొట్టాలో ఆయనే చూపిస్తాడు. "కొమ్మను చెట్టు అంటారేటి?" అని మా అన్న ఎగతాళి చేశాడు. ఆ మాటలో కొంత నిజముంది. ఒక్క కొమ్మ నిలబెడితే ఒక పక్కకే వాలి బోసిగా ఉంటుంది. అందుకని ఒక వెదురు గెడ తీసుకుని, కింద పొడుగు కొమ్మలు, మధ్యలో మధ్యరకం, పైన పొట్టి కొమ్మలు నాలుగు వైపులా నారతో కట్టాలి. తడి ఇసుక నింపిన బకెట్టులో గెడ దించి, చుట్టూ రాళ్లు పేర్చాలి. దూరం నుంచి చూస్తే కొమ్మలని ఎవరికీ తెలియదు. ఆకు వాడిపోకుండా 24 సాయంత్రమే కొమ్మలు తేవాలి, రోజూ నీళ్లు చిలకరించాలి.

అలంకారానికి బజారుకు పరుగెత్తక్కరలేదు. మా అమ్మ విస్తళ్లు కుట్టే అడ్డాకులను నక్షత్రాల్లాగ కత్తిరించి, వెదురు పుల్లలతో గుచ్చి కట్టాం. పాత నోటు పుస్తకాల అట్టలకు రంగు కాగితం అంటించి గంటలు చేశాం. జిగురు కొనలేదు, మైదాపిండి ఉడకబెట్టుకున్నాం. వలిసె పూలు ఇంకా ఉంటే అవి కూడా గుత్తులుగా కట్టొచ్చు. చిన్నపిల్లలకు అందే ఎత్తులో వాళ్లనే కట్టనివ్వాలి. మా తమ్ముడు మూడు నక్షత్రాలు ఒకే చోట కట్టాడు. ఎవరూ వాటిని మార్చలేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. చెట్టుకు కొవ్వొత్తులు కట్టవద్దు. వెనకటి రోజుల్లో యూరపు వాళ్లు కట్టేవారు, అందువల్ల ఇళ్లు అంటుకునేవి. 1882లో న్యూయార్కులో ఎడిసన్ దగ్గర పనిచేసే ఎడ్వర్డ్ జాన్సన్ మొదటిసారి చెట్టుకు కరెంటు దీపాలు కట్టాడు. ఎర్రవి, తెల్లవి, నీలివి కలిపి ఎనభై. మన ఇళ్లు చాలావరకు గడ్డి కప్పువి. ఎండిన కొమ్మకు నిప్పురవ్వ చాలు. సీరియల్ లైట్లు ఉంటే అతుకులు లేని వైరు చూసి పెట్టండి, లేకపోతే కాగితపు నక్షత్రాలే చాలు.

పండుగ అయ్యాక కొమ్మల ఆకు కాఫీ మొదళ్లలో వేస్తే ఎరువవుతుంది. వెదురు గెడ చిక్కుడు పాదుకు పనికొస్తుంది. పారేసేది ఏమీ ఉండదు.

అన్న ఆ సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. పై నక్షత్రం ఎవరికీ అందకపోతే తనే వచ్చి కట్టాడు. ఈ ఏడు ఏం అంటాడో చూడాలి. అత్తవాళ్లు చెట్టును బాగుందన్నారు గానీ, పట్నం చెట్టంత ఎత్తు లేదని కూడా అన్నారు. అననీయండి. ఆ మొక్క ఇప్పుడు నాన్న కంటే ఎత్తు పెరిగింది. మొన్న వానలకు దానికి మిరియాల తీగ పెట్టారు.

చివరగా మన బడికి ఒక సూచన. నార్వే వాళ్లు రెండో ప్రపంచ యుద్ధంలో తమకు చేసిన సాయానికి కృతజ్ఞతగా 1947 నుంచి ప్రతి ఏడూ లండనుకు ఒక పెద్ద చెట్టు పంపుతారు. దాన్ని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నిలబెడితే ఊరంతా వచ్చి చూస్తుంది. అంత పెద్ద నగరంలో అందరూ ఒక చెట్టు చుట్టూ చేరుతున్నప్పుడు, మన బడిలో గదికొక చెట్టు ఎందుకు? ప్రార్థన చేసే మైదానం పక్కన సిల్వర్ ఓక్ ఒకటి నిలబడే ఉంది కదా. దాన్ని కొట్టకుండా, మేకులు దిగ్గొట్టకుండా, నారతోనే నక్షత్రాలు కడదాం. ఒక్కో తరగతి ఒక్కో కొమ్మ అలంకరించాలి. క్రైస్తవులం కాని వాళ్లం కూడా కడదాం అంటే ఎవరూ వద్దనరని నా నమ్మకం. వచ్చే ఏడు కూడా అదే చెట్టు ఉంటుంది, ఇంకొక బారెడు ఎత్తు పెరిగి ఉంటుంది.

దీనికి ఒప్పుకునేవాళ్లు సెలవుకు ముందు వార్డెన్ మేడమ్ దగ్గర పేర్లు రాయించండి. ఒప్పుకోని వాళ్లు వచ్చే నెల గోడ పత్రికలో మీ కారణాలు రాయండి. నేను తప్పక చదువుతాను.

అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని