పేరు మాది, పర్మిషన్ మీదా?

ఉద్యోగంలో చేరేటప్పుడు ఆఫర్ లెటరుతో పాటు మన పేరు కూడా కంపెనీకి రాసిచ్చేశామా? వీళ్ళ వరస చూస్తే అలాగే ఉంది.

డాట్‌నెట్ వాళ్ళకి జాన్ స్కీట్ గురించి చెప్పక్కర్లేదు. సీ షార్ప్ మీద పుస్తకం రాసినాయన. ఉద్యోగం గూగుల్లో, గుర్తింపేమో మైక్రోసాఫ్టు ఎమ్వీపీ. 2009లో కంపెనీ సలహా మీద ఆ ఎమ్వీపీ వదులుకున్నాడు. 2010లో మళ్ళీ వచ్చింది. మరి మధ్యలో గూగుల్‌కి ఒరిగిందేమిటో! ఆయన జవాబులు రాయడమైతే మానలేదు.

గూగుల్ తరఫున కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఎమ్వీపీ అంటే శాలువా కప్పి పంపించేసే సన్మానం కాదు. ఎన్డీయే మీద సంతకం పెట్టించుకుని, బయటకి రాని సంగతులు ముందే చెబుతారు. పోటీ కంపెనీ ఉద్యోగికి అది ఇబ్బందే, ఒప్పుకుంటా. అలాంటప్పుడు ఆ రహస్య సమావేశాలకి వెళ్ళొద్దంటే సరిపోతుంది. గుర్తింపే వద్దనడం ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం.

మన దగ్గర అంతదాకా కూడా పోదు. కాన్ఫరెన్సులో మాట్లాడతానంటే మేనేజరు హెచ్చార్‌ని అడగమంటాడు, హెచ్చార్ లీగల్‌ని అడగమంటారు, లీగల్ వాళ్ళు.. అంతే సంగతులు. వద్దని ఎవరూ అనరు. జవాబే రాదు. ఈలోగా కాన్ఫరెన్సు అయిపోతుంది! ఓపెన్ సోర్సుదీ ఇదే గోల. అపాచీ వాళ్ళ ఒప్పందంలో, నీ కోడు మీద మీ కంపెనీకి హక్కులుంటే వాళ్ళ అనుమతి తీసుకున్నానని నువ్వు మాటివ్వాలి. ఆ అనుమతి కాగితం ఇచ్చే నాథుడెవరు?

మన కాపీరైటు చట్టం (1957) 17వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా రాసిందే కంపెనీది. ఆ "వేరే ఒప్పందం" అన్నచోటే ఆఫర్ లెటర్లు దూరతాయి. ఆదివారం ఇంట్లో కూర్చుని రాసింది కూడా మాదేనంటాయి. కాలిఫోర్నియాలో సొంత సమయంలో, సొంత సామానుతో చేసిన ఆవిష్కరణలకి, కంపెనీ వ్యాపారానికి సంబంధించనివైతే, లేబర్ కోడ్ 2870 అడ్డు నిలబడుతుంది. మనకి అలాంటిది లేదు.

2022లో విప్రో పోటీ కంపెనీలకి పనిచేస్తున్నారని 300 మందిని తీసేసింది కదా, అప్పట్నుంచీ "మూన్‌లైటింగ్" అనే మాట హెచ్చార్ వాళ్ళకి బాగా కలిసొచ్చింది. పైసా తీసుకోకుండా యూజర్ గ్రూపులో పాఠం చెప్పేవాణ్ణీ అదే గాటన కట్టేస్తున్నారు. రెండు జీతాలు తీసుకోవడానికీ, శనివారం పొద్దున నలుగురు కుర్రాళ్ళకి గిట్ నేర్పడానికీ తేడా తెలీదా?

క్లయింటుకి పంపే ప్రపోజల్లో మాత్రం మన సర్టిఫికేషన్లూ, స్పీచులూ బోల్డ్ అక్షరాల్లో ఉంటాయి. అప్పుడు అడ్డురాని లీగల్ ఇప్పుడెందుకొచ్చిందో మరి.

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. ఏది కుదరదో కాగితం మీద రాయండి. అడిగినదానికి పది రోజుల్లో అవుననో కాదనో చెప్పండి, చెప్పకపోతే సరేనన్నట్టే. అప్పటిదాకా, అప్రైజల్లో "నీ విజిబిలిటీ పెరగాలి" అని ఏ మేనేజరైనా అంటే, మూలపడున్న ఆ పర్మిషన్ మెయిల్నే మళ్ళీ ఫార్వర్డ్ చేయండి.