కంప్యూటర్‌ మనదే... పెత్తనం ఎవరిది?

'యాక్సెస్‌ ఈజ్‌ డినైడ్‌'...

డబ్బు పోసి కొన్నది మనం. కరెంటు బిల్లు కడుతున్నది మనం. రోజూ దుమ్ము దులుపుతున్నదీ మనమే. అలాంటిది ఆ పెట్టె మనవైపే చూసి 'నీకు అనుమతి లేదు' అంటే ఒళ్లు మండదూ! ఆదివారం కాస్త తీరిక దొరికిందని విండోస్‌ అప్‌డేట్‌ మొదలుపెడతాం. చక్రం గంటసేపు తిరుగుతుంది. ఇంకేం, అయిపోవచ్చిందనుకునే సరికి ఆగిపోతుంది. కిందో అంకె కనిపిస్తుంది: సున్నా, ఎక్స్‌, ఆ పక్కన 80070005. అదేదో రహస్య సంకేతమని కంగారు పడక్కర్లేదు. 'అనుమతి లేదు' అనే మాటనే విండోస్‌ తన అంకెల భాషలో చెబుతోంది, అంతే.

మరి అనుమతి ఎవరికి ఉన్నట్టు? అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మన కరీంనగర్‌, ఆదిలాబాద్‌ వైపు ఇళ్లలోకి కంప్యూటర్లు ఎలా వస్తాయో చూడండి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్‌ ఊళ్లలో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడకట్టు ఉండదు. దుబాయ్‌ నుంచో, మస్కట్‌ నుంచో బాబాయి సెలవు మీద వస్తూ పిల్లల చదువుకని లాప్‌టాప్‌ తెస్తాడు. అక్కడే పెట్టె తెరిచి, తన ఈమెయిల్‌తో, అక్కడి ఫోన్‌ నంబరుతో ఖాతా తెరిచి ఉంటాడు. ఇక్కడికొచ్చాక పిల్లలకు వేరే ఖాతా పెట్టి ఇచ్చి వెళ్లిపోతాడు. ఇంకొన్ని ఇళ్లలోకి సెకండ్‌హ్యాండ్‌ లాప్‌టాప్‌లు వస్తాయి. కంపెనీలు వాడి తీసేసినవి సికింద్రాబాద్‌ పార్క్‌లేన్‌లోని చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌ లాంటి చోట్ల చేతులు మారి, మన టవర్‌ సర్కిల్‌ దాకా చేరతాయి. ధర బాగానే కలిసొస్తుంది. కానీ లోపల పాత కంపెనీ పేరు చెరిగిపోకుండా మిగిలిపోవచ్చు. సెట్టింగ్స్‌ తెరిస్తే 'దీన్ని మీ సంస్థ నిర్వహిస్తోంది' అనే అర్థంలో ఇంగ్లిషు వాక్యం కనబడి, ఇంట్లోవాళ్లు 'మాకు సంస్థ ఎక్కడిది?' అని బిత్తరపోతారు. ఇక మూడో దారి, దుకాణంలో బిగించి ఇచ్చేది. అక్కడి కుర్రాడు తన ఈమెయిల్‌తోనో, తనకే గుర్తుండే పాస్‌వర్డ్‌తోనో పని ముగించి చేతిలో పెడతాడు.

మూడింటిలోనూ కంప్యూటర్‌ మన బల్ల మీదే ఉంటుంది. యజమాని పేరు మాత్రం ఇంకెవరిదో.

ఇది ఎలా పనిచేస్తుందో అర్థం కావాలంటే ఊరి చెరువు దగ్గరికి వెళ్దాం. చెరువు కింద పొలం మనదే, నాటు వేసేదీ మనమే. అయినా తూము ఎత్తేది నీరటి. శ్రీరాంసాగర్‌ కాలువల మీదైతే లస్కర్‌. ఎవరికి వాళ్లు తూము ఎత్తుకుంటే ఆయకట్టు చివరి మడి ఎండుతుంది, ఒక్కోసారి కట్టకే ముప్పొస్తుంది. కంప్యూటర్‌లోనూ అంతే. పాటలు వినడం, ఉత్తరం టైపు చేయడం, ఫొటోలు చూడటం... ఇవన్నీ మామూలు ఖాతాతో అయిపోతాయి. కొత్త ప్రోగ్రామ్‌ వేయాలన్నా, విండోస్‌నే మార్చాలన్నా నీరటి రావాలి. ఆ నీరటి పేరే అడ్మినిస్ట్రేటర్‌.

ఇక్కడో మెలిక ఉంది. అడ్మినిస్ట్రేటర్‌ ఖాతాతో లోపలికి వచ్చినా విండోస్‌ మనల్ని మామూలు మనిషిగానే చూస్తుంది. నీరటి కూడా తన ఇంట్లో ఉన్నప్పుడు అందరిలాంటి రైతే కదా! పెద్ద పని పడినప్పుడు తెర మసకబారి 'ఈ మార్పు చేయమంటారా?' అని అడుగుతుంది. 'యెస్‌' అన్నాకే తూము తాళం చేతికొస్తుంది. రైట్‌ క్లిక్‌ చేస్తే కనిపించే 'రన్‌ యాజ్‌ అడ్మినిస్ట్రేటర్‌' కూడా ఆ తాళం అడగడమే.

2001లో వచ్చిన విండోస్‌ ఎక్స్‌పీ రోజుల్లో ఇంత గొడవ లేదు. ఇళ్లలో దాదాపు అందరూ అడ్మినిస్ట్రేటర్లే. దాంతో వైరస్‌లదీ ఇష్టారాజ్యమే అయింది. 2007లో విస్టా వచ్చి ఈ అడగడాన్ని మొదలుపెట్టింది. మొదలుపెట్టడం కూడా ఎలా... కొత్త కోడలిని నిలదీసే అత్తగారిలా ప్రతిదానికీ అడిగి ప్రాణం తీసింది. 2009 నాటి విండోస్‌ 7తో ఆ నస కొంత తగ్గింది. విస్టా తెచ్చిన మరో మార్పు ఇప్పటికీ ఉంది. విండోస్‌ సొంత ఫైళ్లకు యజమాని అడ్మినిస్ట్రేటర్‌ కూడా కాదు, 'ట్రస్టెడ్‌ ఇన్‌స్టాలర్‌' అనే మరో అధికారి. తూము ఎత్తడానికి నీరటి చాలు కానీ, కట్టనే తవ్వాలంటే ఇంజినీరు రావాలన్నమాట.

ఇంత కట్టడి దేనికంటారా? 2024 జులై 19 గుర్తు చేసుకోండి. క్రౌడ్‌స్ట్రైక్‌ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క అప్‌డేట్‌లో తప్పు దొర్లితే, మైక్రోసాఫ్ట్‌ లెక్క ప్రకారం ప్రపంచంలో 85 లక్షల విండోస్‌ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. ఆ రోజు శంషాబాద్‌ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్‌ పాసు ఫొటో దేశమంతా తిరిగింది. ఆ ప్రోగ్రామ్‌ విండోస్‌ గుండెకాయ దగ్గర, అందరికన్నా పై అధికారంతో పనిచేసేది. అందుకే తప్పు చిన్నదైనా దెబ్బ అంత పెద్దదైంది.

అలాగని 'అయితే అప్‌డేటే వద్దు' అని మూలన పడేస్తే? దానికీ ఓ కథ ఉంది. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్‌ ప్రపంచాన్ని చుట్టేసి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు డిమాండ్‌ చేసింది. పొరుగున ఆంధ్రప్రదేశ్‌ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ వైరస్‌ దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్‌ ఆ ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. పెట్టుకున్నవాళ్లకు ఆ కంత లేదు, పెట్టుకోనివాళ్లకు ఉంది. అంతే తేడా.

సరే, ఇప్పుడు మన పెట్టె దగ్గరికి వద్దాం. ముందుగా ఒకసారి రీస్టార్ట్‌ చేసి, అప్‌డేట్‌ మళ్లీ నొక్కండి. నవ్వకండి, కొన్ని సందర్భాల్లో అదే మందు. ఆ తరవాత సెట్టింగ్స్‌లో 'అకౌంట్స్‌', అందులో 'యువర్‌ ఇన్ఫో' తెరవండి. మీ పేరు కింద 'అడ్మినిస్ట్రేటర్‌' అని ఉందా? లేకపోతే మీది మామూలు ఖాతా. నెలనెలా వచ్చే అప్‌డేట్లకు ఇది పెద్ద అడ్డం కాదు, వాటిని విండోస్‌ తన సొంత అధికారంతో తెరవెనక పెట్టుకుంటుంది. డౌన్‌లోడ్‌ చేసిన ఫైలుతో విండోస్‌ 10 నుంచి 11కు మారబోతే మాత్రం కచ్చితంగా అడ్మినిస్ట్రేటర్‌ పాస్‌వర్డ్‌ అడుగుతుంది. ఇంట్లో ఆ హోదా ఎవరి ఖాతాకు ఉందో వాళ్లతోనే లోపలికి వెళ్లి, 'అదర్‌ యూజర్స్‌'లో మీ పేరు నొక్కి 'ఛేంజ్‌ అకౌంట్‌ టైప్‌' చేయాలి.

మీరు అడ్మినిస్ట్రేటరే, అయినా ఆ అంకె వస్తోందంటే అడ్డుపడుతున్నది ఇంకేదో. మొదటి అనుమానం బయటినుంచి తెచ్చి వేసిన యాంటీవైరస్‌ మీద. అది అతి జాగ్రత్తతో విండోస్‌నే దొంగ అనుకుని ఆపేయొచ్చు. దాన్ని తీసేసి చూడండి, ఆ ఖాళీని విండోస్‌ సొంత డిఫెండర్‌ తనంతట తాను భర్తీ చేస్తుంది. తరవాత సెట్టింగ్స్‌లో 'ట్రబుల్‌షూట్‌' విభాగానికి వెళ్లి, విండోస్‌ అప్‌డేట్‌ ఎదురుగా ఉన్న 'రన్‌' నొక్కండి. దానికీ లొంగకపోతే వెతుకు పెట్టెలో సీఎండీ అని కొట్టి, వచ్చిన నల్లపెట్టె బొమ్మ మీద రైట్‌ క్లిక్‌ చేసి, అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. అందులో ఎస్‌ఎఫ్‌సీ అని మూడక్షరాలు, ఒక ఖాళీ, ముందుకు వాలిన గీత, దానికి ఆనించి ఖాళీ లేకుండా స్కాన్‌నౌ... ఇంగ్లిషులో టైపు చేసి ఎంటర్‌ కొట్టండి. చెడిపోయిన విండోస్‌ ఫైళ్లను వెతికి బాగుచేసుకుంటుంది. ఈలోగా టీ తాగొచ్చు.

ఇన్ని చేసినా మొండికేస్తోందంటే మరో అనుమానం రావాలి. ఆ విండోస్‌ డబ్బు కట్టి కొన్నదేనా? 'ఫ్రీగా వేసిచ్చాం సార్‌' అని వేసిన దొంగ కాపీల్లో, గుట్టు బయటపడకుండా అప్‌డేట్‌ విభాగాన్నే చంపేసి ఇవ్వడం కొత్తేమీ కాదు. దానికి చిట్కా వైద్యం లేదు. ముఖ్యమైనవి వేరే డిస్కులో దాచుకుని, అసలు విండోస్‌ వేయించుకోవడమే.

చేయకూడని పని ఒకటుంది. విసుగొచ్చి, సీ డ్రైవ్‌ మొత్తాన్నీ మన పేరు మీదికి మార్చేసి, 'అందరికీ అన్ని అనుమతులూ' అని టిక్కు పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు తగులుతారు. ఆ పూటకు పనైపోయినట్టే ఉంటుంది. కానీ అది తూము కోసం కట్టకు గండి కొట్టడం. ఏ ఫైలు ఎవరిదన్న లెక్క ఒకసారి చెదిరిపోతే తిరిగి ఒక్కొక్కటిగా పేర్చడం అయ్యే పని కాదు, చివరికి విండోస్‌ మళ్లీ వేయాల్సిందే.

మరి అడ్మినిస్ట్రేటర్‌ ఖాతా గల్ఫ్‌లోని బాబాయిదైతే? ఆయన ఫోన్లో అందుబాటులో ఉండగానే పని తెముల్చుకోండి. ఆయన కంపెనీ మారి, పాత సిమ్‌ పోయిందంటే పాస్‌వర్డ్‌ మార్చుకునే ఓటీపీ ఏ నంబరుకు వెళ్తుందో దేవుడికెరుక. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. చాలా కొత్త లాప్‌టాప్‌ల్లో, మైక్రోసాఫ్ట్‌ ఖాతాతో మొదటిసారి లోపలికి వెళ్లగానే డిస్కు మొత్తానికి తాళం పడిపోతుంది. మనకు తెలియనే తెలియదు, ఎందుకంటే రోజూ అదే తెరుచుకుంటుంది. ఎప్పుడో ఓ అప్‌డేట్‌ తరవాతో, లోపల బోర్డు మార్చినప్పుడో నీలం తెర మీద 'బిట్‌లాకర్‌ రికవరీ కీ ఇవ్వండి' అంటుంది. అది 48 అంకెల తాళంచెవి. ఉండేది, ఆ మొదటి ఖాతా ఎవరిదో వాళ్ల దగ్గర. అది దొరక్కపోతే లోపల ఉన్న పెళ్లి ఫొటోలు, పిల్ల సర్టిఫికెట్ల స్కాన్‌లు, నాన్న గొంతు రికార్డు చేసిన ఫైలు... దేన్నీ ఏ మెకానిక్కూ బయటికి తీయలేడు. కాబట్టి ఏ పెద్ద అప్‌డేట్‌కైనా ముందు, ఆ ఖాతాదారు చేత మైక్రోసాఫ్ట్‌ సైటులో తన ఖాతా తెరిపించి, ఆ 48 అంకెలు అడిగి కాగితం మీద రాసుకోండి. రేషన్‌ కార్డు పెట్టిన చోటే అదీ పెట్టండి.

ఇవన్నీ ఇప్పుడెందుకంటే, విండోస్‌ 10కి మామూలు మద్దతును మైక్రోసాఫ్ట్‌ 2025 అక్టోబరు 14తో ఆపేసింది. 11కు మారలేని పాత కంప్యూటర్ల కోసం 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు అందించే పథకం పెట్టింది. అందులో చేరడానికి షరతేమిటో తెలుసా? మైక్రోసాఫ్ట్‌ ఖాతాతో లోపలికి వచ్చి ఉండాలి, ఆ ఖాతాకు అడ్మినిస్ట్రేటర్‌ హోదా ఉండాలి. మళ్లీ నీరటి దగ్గరికే వచ్చాం!

విండోస్‌తో పడలేక ఉబుంటు లాంటి లినక్స్‌కు మారినవాళ్లూ ఉన్నారు. మన దగ్గర తెలుగులో 'స్వేచ్ఛ' వచ్చింది, సీడ్యాక్‌ వారి 'బాస్‌' ఉంది. కానీ అక్కడ మాత్రం పెత్తనం లేదనుకోకండి. అప్‌డేట్‌ ఆజ్ఞ ముందు 'సుడో' అన్న మాట చేర్చడం మరిచారా, 'అనుమతి లేదు' అనడమే కాదు, 'అసలు నువ్వు రూట్‌వేనా?' అని ఎదురు ప్రశ్న వేస్తుంది. రూట్‌ అంటే అక్కడి నీరటి. 'సుడో'ను 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలో యూనివర్సిటీలో రాశారు. అందరికీ రూట్‌ పాస్‌వర్డ్‌ పంచిపెట్టకుండా, అవసరమైనవాళ్లకు ఆ కాసేపు అధికారం అరువిచ్చే ఏర్పాటు అది.

ఇంట్లో ఏర్పాటు కూడా అలాగే ఉంటే మేలని నా అభిప్రాయం. అడ్మినిస్ట్రేటర్‌ ఖాతా ఒక్కటే, పాస్‌వర్డ్‌ అమ్మకో నాన్నకో తెలిసినది. పిల్లలకు, రోజువారీ పనులకు మామూలు ఖాతాలు. 'యాక్సెస్‌ డినైడ్‌' అని పిల్లాడు గొణుగుతూ వస్తే, ఏం వేస్తున్నాడో ఓసారి చూసి పాస్‌వర్డ్‌ కొట్టొచ్చు.

ఈ లోపాన్ని సరిచేస్తామంటూ ఫోన్‌ చేసి, ఎనీడెస్క్‌ లాంటివి వేసుకోమనే అపరిచితులకు మాత్రం ఆ 'యెస్‌' నొక్కకండి. మైక్రోసాఫ్ట్‌ తనంతట తాను ఎవరికీ ఫోన్‌ చేసి మీ కంప్యూటర్‌ చెడిందని చెప్పదు. ఇప్పటికే నొక్కేసి, డబ్బు పోయిందా? ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్‌ చేయండి. ఇక దుకాణంలో కొత్తగా బిగించుకునేవాళ్లు, బిల్లు చేతికి తీసుకునేముందే అక్కడే కూర్చుని 'యువర్‌ ఇన్ఫో' తెరిపించి చూడండి. ఆ ఖాతా ఈమెయిల్‌ మీది కాకపోతే, అక్కడికక్కడే మార్పించి మరీ ఇంటికి తెచ్చుకోండి.