జ్వరం తగ్గినా దోమకు దొరికే మలేరియా

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమిని చూశాడు. మనిషి నెత్తురులోని క్రిమి దోమలోకి వెళ్లడానికి ఎలా సిద్ధపడుతుందో తేలడానికి మాత్రం మరో నూరేళ్లకు పైనే పట్టింది. ఆ గుట్టు జన్యువులను అదుపు చేసే తీరులో ఉంది.

ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకం జన్యుపటం 2002లో వెలువడింది. అందులో ఉన్న సుమారు 5,300 జన్యువుల్లో 60 దాకా ‘వార్’ కుటుంబానివి. ఎర్ర రక్తకణంలో దూరిన క్రిమి, వార్ జన్యువు తయారుచేయించే ప్రోటీన్‌ను కణం పైపొరకు పంపుతుంది. దాంతో కణం సన్నటి రక్తనాళాల గోడకు అతుక్కుంటుంది, ప్లీహం వడపోతకు చిక్కదు. మెదడు నాళాల్లో ఇలాంటి కణాలు గుమిగూడితే రోగి స్పృహ తప్పుతాడు. గర్భిణుల్లో మాయను పట్టుకునే రకం వేరే ఉంది.

బయటికి కనిపించే ఆ ప్రోటీన్‌ను మన శరీరం గుర్తుపట్టి యాంటీబాడీలు పుట్టిస్తుంది. కాబట్టి క్రిమి ఒకసారికి ఒక్క వార్ జన్యువునే పనిచేయనిస్తుంది. మిగతావి హెచ్‌పీ1 అనే ప్రోటీన్ బిగింపులో కేంద్రకం అంచున మూతపడి ఉంటాయి. డీఎన్‌ఏలో అక్షరం మారదు, మారేది ఆ బిగింపే. యాంటీబాడీలు ఒక రకాన్ని తుడిచిపెట్టేలోగా మరో జన్యువు తెరిచిన కొద్దిపాటి క్రిములు పెరుగుతాయి, జ్వరం మళ్లీ వస్తుంది. 2013లో శాస్త్రవేత్తలు ఈ జన్యువులను మూసి ఉంచడానికి తోడ్పడే ఒక ఎంజైమ్‌ను తీసేస్తే దాదాపు అన్ని వార్ జన్యువులూ ఒకేసారి తెరుచుకున్నాయి. దాచుకోవడమే క్రిమి బలమని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ప్రయోగం నాకు తెలియదు.

ఇదే హెచ్‌పీ1 మూత ఏపీ2-జీ అనే జన్యువు మీదా ఉంటుంది. 48 గంటలకోసారి రక్తకణాలను పగలగొట్టుకుంటూ పెరిగే క్రిముల్లో కొన్నింటిలో జీడీవీ1 అనే ప్రోటీన్ ఆ మూత తీస్తుంది. అప్పుడు ఆ వంశం విభజన మానేసి గామిటోసైట్లుగా, అంటే దోమలోకి వెళ్లే రూపాలుగా మారుతుంది. రక్తంలో లైసోఫాస్ఫాటిడిల్‌కోలిన్ అనే కొవ్వు పదార్థం తగ్గితే ఈ మార్పు పెరుగుతుందని 2017లో తేలింది. గామిటోసైట్లు ముదరడానికి 10 నుంచి 12 రోజులు పడుతుంది. జ్వరం తెప్పించవు, దోమ కుట్టినప్పుడు మాత్రం దాని వెంట వెళతాయి.

అందుకే జ్వరం ఉన్నవారి రక్తపూతలే చూస్తే లెక్క తప్పుతుంది. ఆర్టెమిసినిన్ కలిసిన మందులు జ్వరం తగ్గిస్తాయి గానీ ముదిరిన గామిటోసైట్లను పూర్తిగా చంపవు. ఆ పని ఒక్క మోతాదు ప్రైమాక్విన్‌ది. గర్భిణులకు, పసికందులకు అది ఇవ్వరు. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ గ్రామాల్లో తేరుకున్న రోగికి ఆ మాత్ర అనవసరంగా తోచవచ్చు. అది కాపాడేది పక్క ఇంటి బిడ్డనని అతనికి చెప్పి, ఆశా కార్యకర్త ఎదుటే మింగించాలి.